గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

"గేర్‌బాక్స్ దించాలి సార్."

షెడ్డులో ఈ మాట వినపడగానే కారు యజమాని మొహంలో రంగు మారుతుంది. ఇంజిన్ సంగతి అందరికీ ఎంతోకొంత తెలుసు. ఆయిల్ మార్పించాలి, కూలెంట్ చూసుకోవాలి, వేడెక్కితే పక్కకు తీసి ఆపాలి. టైర్లు అరిగితే కంటికి కనిపిస్తుంది. బ్రేకులు తగ్గితే కాలికి తెలుస్తుంది. గేర్‌బాక్స్ అలా కాదు. బానెట్ ఎత్తి తొంగిచూసినా బ్యాటరీ కిందో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనకో దాని మూల ఒకటి కనిపిస్తే గొప్ప. లోపల ఏముందో, ఏమైందో తెలియదు. తెలియనిదాని మీద బేరం ఎలా ఆడతాం? అందుకే చాలామంది రెండే ప్రశ్నలతో సరిపెట్టుకుంటారు. ఎంతవుతుంది? ఎప్పటికిస్తావు?

మూడో ప్రశ్న ఒకటుంది. ఎందుకు దించాలి? దానికి తడుముకోకుండా జవాబు చెప్పే మెకానిక్ దొరికితే సగం గండం గట్టెక్కినట్టే. ఎందుకంటే గేరు పడటంలేదని షెడ్డుకొచ్చే కార్లన్నిటికీ జబ్బు గేర్‌బాక్సులోనే ఉండదు. క్లచ్ కేబుల్ సాగి ఉండొచ్చు. క్లచ్ సిలిండర్లో రబ్బరు వాషరు పోయి ఉండొచ్చు. గేర్ రాడ్డు కింద చిన్న ప్లాస్టిక్ బుష్ అరిగి ఉండొచ్చు. వందల్లో తేలే పనికి వేలు పోసేది, వేలల్లో తేలే పనికి లక్ష కట్టేది ఇక్కడే.

చక్రానికి ఒకటి, ఇంజిన్‌కు 14

పెట్రోలు ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు నిమిషానికి 800 చుట్ల దాకా తిరుగుతుంది. గట్టిగా తొక్కితే 6,000కు చేరుతుంది. ఈ రెంటి మధ్యే దాని బతుకంతా. కారుకేమో నిలబడ్డ చోటు నుంచి కదలడం కావాలి, కాసేపటికి హైవే మీద వంద స్పీడు కావాలి. టన్ను బరువును ఉన్నచోటి నుంచి కదిలించే బలం ఇంజిన్‌కు నేరుగా లేదు. కాబట్టి వేగాన్ని వదులుకుని బలాన్ని తెచ్చుకోవాలి. చిన్న కారు మొదటి గేరులో ఇంజిన్ సుమారు మూడున్నర చుట్లు తిరిగితే గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చేది ఒక్క చుట్టు. ఆ తర్వాత ఫైనల్ డ్రైవ్ అనే పెద్ద పళ్లచక్రం దాన్ని మళ్లీ నాలుగో వంతుకు తగ్గిస్తుంది. మొత్తానికి రోడ్డు మీద చక్రం ఒకసారి తిరగాలంటే ఇంజిన్ దాదాపు 14 సార్లు తిరగాలి. బలమూ ఇంచుమించు అన్ని రెట్లవుతుంది. అయిదో గేరుకొచ్చేసరికి ఆ 14 కాస్తా మూడు చిల్లరకు దిగిపోతుంది.

గేరు మార్చడమంటే పళ్లచక్రాలను విడదీసి మరో జతకు తగిలించడమనే చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అంతే. ఇప్పటి మాన్యువల్ గేర్‌బాక్సుల్లో ముందుకు నడిపే గేర్ల పళ్లన్నీ ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే తిరుగుతుంటాయి. వాటిలో ఏది షాఫ్టుకు కట్టుబడాలో తేల్చేది మధ్యలో అటూ ఇటూ జరిగే స్లీవు. మనం రాడ్డు లాగితే కదిలేది అదే. స్లీవు ఒక వేగంలో, గేరు మరో వేగంలో ఉంటే కలవవు, గర్రుమంటాయి. రెంటినీ ఒక వేగానికి తెచ్చేందుకు నడుమ ఒక ఇత్తడి రింగు ఉంటుంది. మెకానిక్కులు సింక్రో రింగ్ అంటారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ వస్తువు మీదే మీ గేర్లు ఎంత మెత్తగా పడతాయన్నది ఆధారపడి ఉంటుంది.

ఈ ఏర్పాటుతో తొలి కారు అమెరికాలో కాడిలాక్ పేరుతో 1928లో వచ్చింది. దాని వెనకున్న ఇంజినీరు ఎర్ల్ థాంప్సన్. తమాషా ఏమిటంటే గేర్లు మార్చడాన్ని ఇంత సుళువు చేసిన ఆ మనిషే తర్వాత జనరల్ మోటార్స్‌లో హైడ్రామాటిక్ తయారుచేసిన బృందాన్ని నడిపించి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో గేర్లు మార్చే పనే లేకుండా చేశాడు. మన దగ్గరికి ఆ సుఖం నిదానంగా వచ్చింది. అంబాసిడర్ నడిపిన పాత డ్రైవర్లను అడగండి, సింక్రో లేని మొదటి గేరు గురించి చెబుతారు. బండి పూర్తిగా ఆగితే తప్ప అది మర్యాదగా పడేది కాదు. పాత లారీ డ్రైవర్లయితే కింది గేరుకు దిగాల్సి వచ్చినప్పుడల్లా క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్‌లో రేజ్ ఇచ్చి, చెవితోనే వేగాలు కలిపేవాళ్లు. ఆ చెవి ఇప్పటి మెకానిక్కులకు కూడా కావాలి. స్కానర్ చెప్పనివి చాలా ఉన్నాయి.

బల్ల మీద విప్పితే

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఏ వీధి పని ఆ వీధిదే. ఒకచోట లారీ బాడీలు కడుతుంటారు, ఒకచోట కమాను కట్టలు వేస్తుంటారు, ఇంకోచోట రేడియేటర్లు, లేత్ పనులు. గేర్‌బాక్సులు మాత్రమే చూసే షెడ్లు వేరే ఉన్నాయి. అలాంటి ఒక షెడ్డుకు పదేళ్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. ఫిర్యాదు ఒక్కటే: గేరు గర్రుమంటోంది.

"ఇంజిన్ ఆపి వేసి చూశావా?" పెద్దమేస్త్రి అడిగాడు.

"చూశా బాబాయ్. అన్నీ పడుతున్నాయి" అన్నాడు కుర్రాడు.

"ఆన్‌లో?"

"ఆన్‌లోనూ పడుతున్నాయి. బండి నడిచేటప్పుడు మూడోదొక్కటే గర్రుమంటోంది."

"అయితే దించాల్సిందే."

ఈ నాలుగు మాటల్లో ఉన్న తర్కం ప్రతి యజమానికీ పనికొస్తుంది. ఇంజిన్ ఆపినప్పుడు గేర్లన్నీ మెత్తగా పడి, ఆన్‌లో ఏదీ పడకపోతే తప్పు గేర్లది కాదు. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబుల్ ఉన్న బండయితే సర్దుబాటుతో, హైడ్రాలిక్ అయితే సిలిండర్ కిట్టుతో పోవచ్చు. ఒక్క గేరే మొండికేస్తుంటే లోపల ఆ గేరు తాలూకు సింక్రో అరిగింది. రివర్స్ సంగతి వేరు. చాలా కార్లలో దానికి సింక్రో ఉండదు. క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేస్తే గర్రుమనదు, దానికోసం షెడ్డుకు పోనక్కర్లేదు.

చప్పుళ్లకూ ఇలాంటి లెక్కే ఉంది. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలినప్పుడు గుర్రుమని, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటుంటే టకటకమంటే అది గేర్‌బాక్సే కాదు, చక్రం దగ్గరి సీవీ జాయింట్. ఏ గేరులో ఉన్నా, న్యూట్రల్‌లో జారుతున్నా వేగంతోపాటు పెరిగే హోరు చాలాసార్లు వీల్ బేరింగుది. సీవీ జాయింటో, వీల్ బేరింగో పోయిన కారుకు గేర్‌బాక్స్ దించడమంటే పంటి నొప్పికి కడుపు కోసినట్టే.

షెడ్డులోకి వద్దాం. బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, స్టార్టర్ మోటారు పక్కకొచ్చాయి. గేర్ కేబుళ్లు విప్పారు. కింద ప్లగ్గు తీసి ఆయిల్ ట్రేలోకి వదిలారు. రెండు పక్కలా డ్రైవ్ షాఫ్టులు లాగేశారు. ఇంజిన్ కింద జాకీ పెట్టి, మౌంటింగులు విప్పి, చుట్టూ బోల్టులు తీసి గేర్‌బాక్సును పక్కకు జరిపి దించారు. ఈ పనంతా ఇద్దరికి ఒక పూట. అసలు వైద్యం ఆ తర్వాతే మొదలవుతుంది.

మేస్త్రి మొదట చూసింది గేర్లను కాదు, డ్రెయిన్ ప్లగ్గును. దాని కొసకు చిన్న అయస్కాంతం ఉంటుంది. దాన్నిండా బూడిదరంగు ముద్ద. బొటనవేలితో తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు. మెత్తగా, గింజ తగలకుండా ఉంది. అది మామూలు అరుగుదలే, ఏ గేర్‌బాక్సులోనైనా ఉంటుంది. వేలికి గరుగ్గా తగిలే ఉక్కు ముక్కలుంటే పళ్లు విరుగుతున్నట్టు. తర్వాత ట్రేలోని ఆయిల్లో వేలు ముంచి, షెడ్డు బయటికొచ్చి ఎండకు పట్టాడు. వేలి మీద సన్నటి పసుపు మెరుపు. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, ఆయిల్లోనే తేలుతుంది. గేర్‌బాక్స్ విప్పకముందే రింగు సంగతి తెలిసిపోయింది.

విప్పాక మూడో గేరు రింగును దాని గేరు మీద వేసి చేత్తో నొక్కిపట్టి, రింగుకూ గేరు పళ్లకూ నడుమ ఫీలర్ గేజ్ పెట్టాడు. కొత్త రింగయితే చిన్న కార్లలో అక్కడ మిల్లీమీటరుకు అటూ ఇటూ సందుంటుంది. అరిగేకొద్దీ రింగు లోపలికి దిగిపోయి సందు తగ్గుతుంది. అర మిల్లీమీటరుకు వచ్చిందంటే దాని పని అయిపోయినట్టు. ఇక్కడ అరకు కూడా లేదు. పక్కన రెండో గేరు రింగు బాగానే కనిపించినా దానికీ గేజ్ పెట్టి చూశాడు. తీసిన ప్రతి రింగునూ, ప్రతి సర్క్లిప్‌నూ, ప్రతి షిమ్మునూ పరిచిన న్యూస్‌పేపర్ మీద తీసిన వరుసలోనే పెడుతున్నాడు కుర్రాడు. ఒక గేరు రింగు ఇంకో గేరుకు వేస్తే పడుతుంది, కానీ వాటికి ఇన్నేళ్లుగా కుదిరిన పొత్తు చెడుతుంది. ఈ వరుస తప్పే చోట గేర్‌బాక్స్ పని చేయించుకోకపోవడమే మేలు. నేనయితే రేటు కంటే ముందు బల్లనే చూస్తాను.

"దించాం కదా సార్, క్లచ్ సెట్ కూడా వేసేద్దాం" అన్న మాట తర్వాత వచ్చింది. దీన్ని దోపిడీ అనుకునేవాళ్లున్నారు. ప్రతిసారీ కాదు. క్లచ్ ప్లేటు గేర్‌బాక్సుకూ ఇంజిన్‌కూ మధ్యలో ఉంటుంది. దాన్ని మార్చాలంటే మళ్లీ ఇదంతా విప్పాల్సిందే. ప్లేటు సగం పైన అరిగి ఉంటే ఇప్పుడే మార్చడం లాభం, ఎందుకంటే కూలి ఒక్కసారే. రిలీజ్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ ఆయిల్ సీల్, ఇంజిన్ వెనక సీల్ కూడా అంతే. వాటి ఖరీదు తక్కువ, వాటికోసం చేసే చాకిరీ ఎక్కువ. అడగాల్సిందల్లా పాత ప్లేటును చేతిలో పెట్టమని. రివెట్ల తలల పైకి లైనింగ్ ఇంకా మందంగా ఉంటే వద్దనొచ్చు.

రెండు లీటర్ల విషయం

చిన్న కారు మాన్యువల్ గేర్‌బాక్సులో పట్టే ఆయిల్ రెండు లీటర్లకు అటూ ఇటూ. ఇంజిన్ ఆయిల్‌లా మసి పట్టదు, కాలదు, తగ్గదు. అందుకే దాన్ని అందరూ మరిచిపోతారు. సర్వీసు పుస్తకంలో ఒక వరుస ఉంటుంది, ఫలానా కిలోమీటర్లకు చూడాలి, ఫలానా కిలోమీటర్లకు మార్చాలని. చాలా కార్లకు అది 40 వేలు, 60 వేల ప్రాంతంలో ఉంటుంది. ఆ వరుసకు ఎదురుగా టిక్ పడినంత మాత్రాన పని జరిగిందని కాదు. బిల్లులో గేర్ ఆయిల్ పేరు, లీటర్లు ఉన్నాయా అన్నది చూసుకోవాలి.

అంతకంటే ముఖ్యం ఏ ఆయిల్ అన్నది. గేర్ ఆయిల్ డబ్బాల మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటాయి. 5 పెద్ద అంకె కాబట్టి మంచిదనుకుని వేయించేవాళ్లున్నారు, కౌంటరు మీద అలా చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. జీఎల్-5 లారీల, జీపుల వెనక ఇరుసులో ఉండే డిఫరెన్షియల్ గేర్ల కోసం పుట్టింది. అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారతాయి కనుక గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ మోతాదులో వేస్తారు. కొన్ని ఆయిళ్లలో ఆ రసాయనాలే ఇత్తడిని తినేస్తాయి. పైగా సింక్రో రింగు పనిచేయాలంటే కాస్త రాపిడి కావాలి, మరీ జారుడైతే వేగాలు కలవవు. కారు పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 వేయాలి. 75డబ్ల్యూ-80 అని ఉంటే 90 వేయకూడదు, చిక్కదనం ఎక్కువైతే పొద్దున్నే గేర్లు మొండికేస్తాయి.

ఆయిల్ తగ్గిందంటే కారిందనే అర్థం. ఎక్కువగా కారేది డ్రైవ్ షాఫ్ట్ సీళ్ల దగ్గర. ఇంకో దారి కూడా ఉంది. సీవీ బూటు మార్చడానికి డ్రైవ్ షాఫ్ట్ లాగితే కొంత ఆయిల్ కింద పోతుంది. షాఫ్టు తిరిగి పెట్టి, పోయిన ఆయిల్ పోయకుండా బండి ఇచ్చేస్తే ఆ లోటు ఎవరికీ తెలియదు. మీ బండికి ఆ పని ఎప్పుడు జరిగినా, లెవెల్ ప్లగ్ తీసి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

కాలు, చెయ్యి, కొండ

హైదరాబాదులో అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం ఆరింటికి వెళ్లిన వాళ్లకు హాఫ్ క్లచ్ గురించి చెప్పనక్కర్లేదు. ఎడమ కాలు పెడల్ మీద అలా ఆనించి ఉంచితే రిలీజ్ బేరింగ్ తిరుగుతూనే ఉంటుంది, ప్లేటు పూర్తిగా కరవక వేడెక్కుతుంది. క్లచ్ జారుతోందో లేదో తెలుసుకోవడానికి పాతకాలపు పరీక్ష ఒకటుంది. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కొద్దిగా రేజ్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజిన్ టక్కున ఆగిపోవాలి. ఆగకుండా హోరెత్తితే ప్లేటుకు రోజులు దగ్గరపడ్డాయి. ఈ పరీక్ష సరదాకు పదేపదే చేస్తే మాత్రం ఉన్న ప్లేటూ పోతుంది.

చెయ్యి గేర్ రాడ్డు మీద వాల్చి నడిపే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, సినిమాల్లో హీరోలకు మరీ. ఆ బరువు లోపల స్లీవును జరిపే ఫోర్కు మీద పడుతుంది. ఫోర్కు తిరుగుతున్న స్లీవును ఒరుసుకుంటూ ఉంటుంది. ఒక్కరోజులో ఏమీ కాదు. ఏళ్ల తరబడి అయితే గేరు పడ్డాక దానంతటదే ఎగిరిపోవడం మొదలవుతుంది.

ఇక ఘాట్లు. తిరుమల నుంచి దిగడానికి ఇప్పుడు వాడే పాత ఘాట్ రోడ్డు 1944లో వేసింది. మెలికలు తిరిగే ఆ రోడ్డు మీదైనా, అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడైనా పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాం. కార్బురేటర్ రోజుల లెక్క అది. ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీది కాలు తీస్తే పెట్రోలు సరఫరా పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి మళ్లీ పెట్రోలు తాగుతుంది. మిగిలేదేమీ లేదు, పోయేది మాత్రం ఉంది: బండిని పట్టి ఉంచే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, కింది మలుపుల దగ్గరికొచ్చేసరికి పట్టు తప్పుతాయి. రెండో గేరులో పెట్టి దిగడమే పద్ధతి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడులో 2, లేదా ఎల్.

ఒకే పేరుతో నాలుగు యంత్రాలు

షోరూములో ఆటోమేటిక్ అని అమ్మేవాటి లోపల పొంతనలేని నాలుగు రకాలున్నాయి. తనది ఏ రకమో తెలియని యజమానులే ఎక్కువ. మరమ్మతు ఖర్చు దగ్గర మాత్రం ఆ తేడా బాగా తెలిసొస్తుంది.

మన దేశంలో చిన్న కారుకు ఆటోమేటిక్‌ను అందుబాటులోకి తెచ్చింది 2014లో వచ్చిన మారుతి సెలెరియో. అందులోది ఏఎంటీ. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన కాలూ చెయ్యీ చేసే పనిని ఒక హైడ్రాలిక్ పరికరం చేస్తుంది, అంతే. పెడల్ లేదు కాబట్టి క్లచ్ లేదనుకుంటే పొరపాటు. హైదరాబాద్ అపార్టుమెంట్ల సెల్లార్ ర్యాంపు మీద, గేటు తీసేదాకా బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టి ఉంచేవాళ్లు రోజూ ఆ ప్లేటును కాలుస్తున్నట్టే. సన్నగా మాడు వాసన వచ్చేది దాన్నుంచే. బాగుచేయడం మిగతా రకాల కంటే చవక. అయితే ప్లేటు మార్చాక స్కానర్ పెట్టి క్లచ్ ఎక్కడ కరుస్తుందో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. ఆ పరికరం లేని షెడ్డులో పని చేయించి, కొత్త క్లచ్ వేసినా జర్కులు పోలేదని తిరిగేవాళ్లను చూస్తుంటాం.

రెండోది టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ప్లేటు ఉండదు, ఆయిల్ ఉంటుంది. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ను చిమ్మితే ఎదుటి రెక్కలు తిరుగుతాయి. ట్రాఫిక్కులో, కొండల్లో బాగా మన్నేది ఇదే. నాకు నచ్చేదీ ఇదే. దీనికి ప్రాణం ఆయిల్. అది బలాన్ని మోయాలి, లోపలి క్లచ్చులను ఒత్తాలి, కవాటాలను నడపాలి, వేడిని బయటికి తీసుకుపోవాలి. కొత్తదయితే సాధారణంగా ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే లోపల క్లచ్చులు కాలుతున్నాయి.

ఈ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదన్న మాట ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ఎవరి జీవితాంతం? ఎన్నో ఖరీదైన జర్మన్ కార్లకు గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చుకోమని చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో తిరిగే బండికి ఆ చిన్న అంకె కూడా ఎక్కువే అనుకోవాలి. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ ఆయుష్షు త్వరగా కరిగిపోతుంది.

ప్లగ్గు తీసి వదిలితే పాత ఆయిల్ మొత్తం రాదు. సగం దాకా కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. మిషన్ పెట్టి మొత్తం కడిగేస్తామంటారు కొందరు. సమయానికి మార్పించుకుంటూ వచ్చిన బండికి ఫర్వాలేదు. లక్ష కిలోమీటర్లు దాటినా ఒక్కసారీ మార్చని దానికి నేను ఒప్పుకోను. పేరుకున్న మడ్డి కదిలి సన్నటి కవాటాల్లో ఇరుక్కుంటే మొదటికే మోసం. వచ్చినంత తీసి, అంతే కొత్తది పోసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ అదే పని చేయడం నిదానమైనా నమ్మకమైన దారి. లెవెల్ చూసే పద్ధతి కూడా కంపెనీ చెప్పినట్టే ఉండాలి. చాలావాటికి డిప్ స్టిక్కే ఉండదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ వేడి 40 డిగ్రీల ప్రాంతంలో ఉన్నప్పుడు ప్లగ్గు తీసి చూస్తారు. థర్మామీటరో, స్కానరో లేకుండా అంచనాగా పోసేవాళ్లకు ఈ పని ఇవ్వకూడదు.

మూడోది సీవీటీ. గేర్లే ఉండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది, ఒక్కో పుల్లీ రెండు సగాలు దగ్గరకూ దూరానికీ జరుగుతూ నిష్పత్తిని మారుస్తుంటాయి. నెదర్లాండ్స్‌లో డాఫ్ కంపెనీ 1958లో రబ్బరు బెల్టుతో కార్లలో మొదలుపెట్టిన ఉపాయం ఇది. ఉక్కు బెల్టు వచ్చాక బలమైన కార్లకూ ఎక్కింది. కొన్ని వందల పల్చటి ఉక్కు బిళ్లలు వరుసగా పేర్చి చేసిన ఆ బెల్టు పుల్లీని రాపిడితోనే పట్టుకుంటుంది. కనుక దీని ఆయిల్ జారాలి, కానీ అక్కడ మాత్రం జారకూడదు. అందుకే దీనికి వేరే ఆయిల్. ఆటోమేటిక్కే కదా అని టార్క్ కన్వర్టర్ రకానికి వాడే ఎర్రటి ఏటీఎఫ్ ఆయిల్ పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గాట్లు పడతాయి. ఆ తర్వాత బాగుచేయడం ఉండదు, మార్చడమే.

నాలుగోది డ్యూయల్ క్లచ్. ఒక క్లచ్ ఒకటి, మూడు, అయిదు గేర్లను, రెండోది రెండు, నాలుగు, ఆరు గేర్లను చూసుకుంటాయి. ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతది సిద్ధంగా ఉంటుంది. నడపడానికి దీన్ని మించింది లేదు. కానీ ఆయిల్లో మునగని పొడి క్లచ్చులున్న రకానికీ, అంగుళం అంగుళం కదిలే మన ట్రాఫిక్కుకూ సరిపడదు. ముందు బండి కదిలినప్పుడల్లా కదలకుండా, కారు పొడవు ఖాళీ వచ్చాక ఒక్కసారి వదలాలి. 2013లో ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ అనే తన ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉన్న సుమారు 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది, అందులోని సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయడానికి. వేడి, ఉక్కపోత ఎక్కువగా ఉండే చోట్ల ఆ సింథటిక్ ఆయిల్ వల్ల లోపలి ఎలక్ట్రానిక్ భాగాల్లో కరెంటు లోపం రావొచ్చని తేలింది. గట్టి పళ్లచక్రాలకు ఏమీ కాలేదు. పోసిన ఆయిలే ప్రాణం మీదికి తెచ్చింది.

నీళ్లు దిగాక

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇంటిముందు నిలిపిన కార్లు మునిగిపోయాయి. నీళ్లు దిగాక చాలామంది ఇంజిన్ గురించే కంగారుపడ్డారు. గేర్‌బాక్సుకూ పైన ఒక గాలిగొట్టం ఉంటుంది, లోపల వేడికి పెరిగే ఒత్తిడి పోవడానికి. నీళ్లు అందులోంచీ దిగుతాయి. నడుస్తున్న వేడి బండి వరదలోకి దిగితే ఇంకా ప్రమాదం, ఒక్కసారిగా చల్లబడిన పెట్టె నీళ్లను లోపలికి పీలుస్తుంది.

మాన్యువల్ అయితే బతికించుకోవచ్చు. ఆయిల్ తెల్లగా, నురగగా వస్తే వదిలేసి కొత్తది పోసి, కొంచెం నడిపి, మళ్లీ మార్చాలి. ఆలస్యం చేస్తే బేరింగులు తుప్పు పడతాయి. ఆటోమేటిక్‌కు అంత దయ లేదు. అందులోని క్లచ్ ప్లేట్ల మీద కాగితం లాంటి లైనింగ్ జిగురుతో అతికించి ఉంటుంది. అది నీళ్లు పీల్చి ఊడిపోతుంది. ఎంత త్వరగా ఆయిల్ మార్చినా కొన్నిసార్లు విప్పక తప్పదు.

మునిగిన కారును స్టార్ట్ చేయకండి. న్యూట్రల్‌లో ఉంది కదా అని తాడు కట్టి లాగించకండి. చాలా ఆటోమేటిక్కుల్లో ఆయిల్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి చక్రాలు తిరిగితే లోపల గేర్లు ఎండిపోయి తిరుగుతాయి. కారు మొత్తం ఎత్తి పెట్టే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవాలి. ఇన్సూరెన్సు వాళ్లు కూడా మొదట అడిగేది నీళ్లలో ఉండగా స్టార్ట్ చేశారా అనే. అలా స్టార్ట్ చేయడం వల్ల జరిగే నష్టం మామూలు పాలసీలో సాధారణంగా రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ పేరుతో ఉండే అదనపు కవరు తీసుకుంటే చాలా కంపెనీల్లో గేర్‌బాక్స్ కూడా అందులోకి వస్తుంది. కాలువ పక్క కాలనీల్లో ఉండేవాళ్లు రెన్యువల్ రోజున ఆ పేజీ ఒక్కటైనా చదువుకోవాలి.

పాత కారు కొనేటప్పుడు

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ చూడటానికి వెళ్తుంటే, ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని ఫోనులోనే చెప్పండి. కొన్ని జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, వేడెక్కాక దాక్కుంటాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కిపట్టి, పీ నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డీకి మార్చండి. గేరు పడిన చిన్న కుదుపు ఒకటి రెండు సెకన్లలో తెలియాలి. అంతకంటే ఆలస్యమైనా, ధడేలుమన్నా బేరం ఆపి సర్వీసు బిల్లులు అడగండి. వాటిలో గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారైనా కనిపించకపోతే, అది మార్పించే ఖర్చు ధరలోంచి తీసేయమనండి. ఆ తర్వాత నగరంలో ఇరవై నిమిషాలు నడపండి, ఎక్కువగా నెమ్మదిగానే. వేడెక్కాక ఏదైనా సెల్లార్ ర్యాంపు దొరికితే రివర్స్‌లో ఎక్కించండి. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్‌లోనే లోపలి ఒత్తిడి ఎక్కువ, అలసిపోయిన క్లచ్చులు మొదట జారేది అక్కడే. ఇంజిన్ హోరెత్తుతున్నా కారు పైకి ఎక్కకపోతే తాళాలు తిరిగి ఇచ్చేయండి, ఎంత తగ్గిస్తానన్నా సరే.